కామ్ లాన్ పారబోసిన కషాయం

చైనాలోని ఫోషాన్ పాతబజారులో కామ్ లాన్ కషాయం కొట్టుకి వెళ్ళాలంటే ఒంట్లో వేడి ఉంటే చాలదు, సిగ్గు కూడా వదులుకోవాలి. అరవై దాటిన ఈ మనిషి నాలుక చూడందే గిన్నె నింపదు, ప్రశ్నలడగందే నాలుక చూడదు. ఆ ప్రశ్నలు వీధి చివర చేపల కొట్టు దాకా వినిపిస్తాయి.

"ఏమయ్యా, రోజుకెన్నిసార్లు వెళ్తావ్?" అని ఓసారి బ్యాంకు మేనేజర్ని నిలదీసింది. "రెండ్రోజులకోసారా? అదీ గట్టిగానా?" ఆయన ఆ తర్వాత ఆ వీధి మొహం చూడలేదు.

ఆడవాళ్ళయితే నెలసరి ఎప్పుడొచ్చిందో చెప్పి తీరాలి. ఆ కషాయంలోని ఇరవైనాలుగు మూలికల చేదు పేగుల్ని ఊడ్చి పారేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టకూడదు. "ఆకులే కదా, ఏం చేస్తాయిలే అంటారు. గన్నేరుదీ ఆకే, నమలండి మరి!" అంటుంది కామ్ లాన్.

అడగడం మంచిదే. తెలిసినది దాచుకోలేకపోవడమే ఆవిడ రోగం. దానికి ఇరవైనాలుగింటిలో ఒక్క మూలికా పనిచెయ్యలేదు.

కిందటేడు హో వారి కోడలు సుక్ యీ రెండో నెలలో ఇలాగే దొరికిపోయింది. మూడో నెల నిండేదాకా ఆ మాట బయటపెట్టకూడదని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. కామ్ లాన్ సాయంత్రానికల్లా వీధంతా పంచేసింది. పదో రోజున గర్భం పోయింది. ఇక పరామర్శలు మొదలయ్యాయి. "ఏం తిన్నావమ్మా? ఏం మోశావమ్మా?" అంటూ ఇంటికొకరు. ఆ పిల్ల నెలరోజులు కిటికీ తెరవలేదు. కామ్ లాన్‌కి అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది. నోరు మాత్రం వాలదు.

ఈ వేసవిలో అత్తగారు సుక్ యీని మళ్ళీ లాక్కొచ్చింది.

"లాన్, దీని మొహం చూడు, ఎన్ని మొటిమలో! ఒంట్లో చెత్తంతా కొట్టుకుపోవాలి. పెద్ద గిన్నెతో పొయ్యి."

"నెలసరి ఎప్పుడొచ్చిందే?" అలవాటుగా అరిచింది కామ్ లాన్.

మాటకి మాట అప్పజెప్పే సుక్ యీ నేలచూపులు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. తాగనంటే ఎందుకని అత్త అడుగుతుంది. చెబితే మళ్ళీ వీధంతా గుమ్మంలో ఉంటుంది. దిక్కుతోచక గిన్నెకి చెయ్యి చాపింది.

కామ్ లాన్‌కి అర్థమైపోయింది. గరిటెడు కషాయం నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"ఛీ! బూజు వాసన!"

తన కషాయానికి వంక పెడితే కొట్టడానికొచ్చే మనిషి, కూజా ఎత్తి మొత్తం కాలవలో కుమ్మరించింది. వరసలో నిలబడ్డవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

"పోనీలే, ఎదురు కషాయం కొట్లో తాగుతుంది," అంది అత్త.

"ఆ కొట్టు ఫాట్ ముసలాడూ నేనూ ఒకే మూలికల మూట పంచుకున్నాం. అదీ బూజే!"

శుద్ధ అబద్ధం. ఎనిమిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఫాట్ గరిటె పుచ్చుకుని రోడ్డు మీదికొచ్చి ఆవిడ ఏడుతరాల్నీ దులిపేశాడు. కామ్ లాన్ నోరు మెదపలేదు. ఆవిడే నోరు మూసుకుందంటే బూజు నిజమేనని అత్తగారు నమ్మేసింది. సుక్ యీకి ఉడికించిన బేరిపండు నీళ్ళు పోసి ఇంటికి పంపించింది కామ్ లాన్.

ఆ తర్వాత పదిహేను రోజులు కొట్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. "ఏమైందక్కా?" అని అడిగిన ప్రతివాళ్ళకీ, "ముసలిదాన్నయ్యాను, మూలికలు ఎండబెట్టడం మరిచిపోయాను," అనే చెప్పింది. అలా చెప్పినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

నెలన్నర గడిచాక సుక్ యీ ఒక్కతే వచ్చింది.

"మూడు నెలలు నిండాయి పిన్నీ. ఇంట్లో పొద్దున్నే చెప్పేశా. ఇక వీధికి నువ్వే చెప్పాలి. ఎంత గట్టిగా అరుస్తావో అరుచుకో."

కామ్ లాన్ వీధిలోకొచ్చి నోరు తెరిచింది. మాటకి బదులు ఏడుపొచ్చింది. సుక్ యీ చేతులు రెండూ పట్టుకుని ఆవిడ గుమ్మం ముందే కూలబడి భోరుమంది. ఏమైందో ఏమిటోనని అందరూ పరిగెత్తుకొచ్చారు. చివరికి ఆ కబురు సుక్ యీయే చెప్పుకోవలసి వచ్చింది.