రికార్డరులోని గొంతు

వేడి చాయ్ గ్లాసు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక కాలాలి. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులు. కుటుంబ నియంత్రణ మీదా, ఎదిగే పిల్లల ఆరోగ్యం మీదా పరిశోధన చేయడం, పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఆ పొద్దున ఎల్.బి. నగర్‌లో డిగ్రీ చదివే ఒక అమ్మాయిని మా మేడమ్ మాట్లాడించింది. మాటలన్నీ రికార్డరులో పడుతున్నాయి. నేను వాకిట్లో కాపలా. కిటికీలోంచి నాకూ వినబడింది: ఇంట్లో తెలియని ప్రేమ, ఒంటరిగా దవాఖానకు పోయొచ్చిన సంగతి. వచ్చేటప్పుడు ఆ పిల్ల నన్నాపి, "మా అన్న వింటే చంపుతడు సార్" అంది. ఎవరూ వినరని మాటిచ్చాను.

అంతలో బంద్ పిలుపొచ్చింది. మేడమ్ దగ్గర్లోనే చుట్టాలింట్లో ఆగిపోయింది. నేను రికార్డరు సంచిలో వేసుకుని స్కూటరెక్కాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. కుర్రాళ్ళు చుట్టుముట్టి సంచి లాగారు.

"రికార్డరెందుకురా? పోలీసోనివా?"

గుంపులోంచి ఒకడు ముందుకొచ్చాడు. పొద్దున ఆ ఇంటి గేటు దగ్గర చూసిన మొహం. ఆ పిల్ల అన్న!

"గీయనే మా ఇంటికొచ్చిండు. మా చెల్లె ఏం చెప్పింది?" రికార్డరు లాక్కున్న వాడి బొటనవేలు బటన్ మీదుంది.

సంచి అడుగున చెయ్యి పెట్టి, పాఠాలు చెప్పేటప్పుడు వాడే మగ అంగం చెక్క బొమ్మనూ, నిరోధ్ పొట్లాలనూ బయటికి తీశాను. బొమ్మను స్కూటర్ సీటు మీద నిలబెట్టాను.

"నా పని గిది. ఎట్ల వాడాల్నో ఎవలికి తెలుసు, రాండ్రి!"

నినాదాలిచ్చిన గొంతుల్లో ఒకటే నవ్వు.

"అరె, నువ్వు పోరా!"

"నాకెందుకు, నీకే జరూరతు!"

అన్న నవ్వలేదు. వేలు తియ్యలేదు.

"నీ చెల్లెకు మాటిచ్చిన, తమ్మీ," అన్నాను మెల్లగా. "నువ్వేమన్న అడిగితే అది గూడ ఎవలికీ చెప్ప."

వాడు వెనక్కి తిరిగి చూసుకుని, నా చెవి దగ్గరికి వంగి ఒక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పాను. రికార్డరు నా చేతిలో పెట్టి, "జల్దీ పో" అన్నాడు.

ఇక కల్పించిందేదో ఒప్పుకుంటాను. ఆ ఇల్లు ఎల్.బి. నగర్‌లో లేదు. ఆ పిల్ల డిగ్రీ చదవలేదు. బటన్ మీద వేలు పెట్టినవాడు ఆమెకు అన్నే కాడు; ఏమవుతాడో చెప్పను. నాలుక కాలితే కాలనీ. మీకు చేసిన ప్రమాణం కంటే ఆమెకిచ్చిన మాట ముందుది.