నా లాప్‌టాప్ మొరాయించిన రోజులు

ఈమధ్య నా లాప్‌టాప్ నెమ్మదించింది. ఒక బొత్తాం నొక్కితే అక్షరం తెర మీదికి రావడానికి ఆవులింత తీసేంత సేపు పడుతోంది. మన వయసువాళ్లు ఎవరైనా పాతబడిందిలే అని సరిపెట్టుకుంటారు గానీ, నేను మాత్రం గది తలుపు వేసుకుని, లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపించే పట్టిక తెరిచి, ఒక్కో పేరూ కూడబలుక్కుని చదువుతాను. ఈ అలవాటు మైపాడులో అన్న దగ్గర ఉన్న రోజుల్లో పట్టుకుంది.

నాన్న పోయాక అమ్మనూ నన్నూ అన్నే సాకాడు. పడవలవాళ్లకు వలలు, తాళ్లు అమ్మే దుకాణం ఆయనది. బయట ఉద్యోగానికి పంపడని తెలిసి, నెల్లూరు ఆఫీసు ఒకటి ఇచ్చే టైపింగు పని ఇంట్లోనే చేసుకుంటానని అడిగితే, మారుమాట లేకుండా లాప్‌టాప్ కొనుక్కొచ్చి నా ముందు పెట్టాడు. ఆ రోజంతా దాన్ని తుడుస్తూనే కూర్చున్నాను.

కొన్నాళ్లకు అది మందగించింది. పని లేకపోయినా ఫ్యాను రొద పెట్టేది, అడుగు కాలిపోయేది. ఆ రోజుల్లోనే నేనెవరికీ చెప్పని సంగతులు అన్న నోట వినబడసాగాయి. చెన్నైలో పుస్తకాలు అచ్చువేసే ఒక ఆఫీసుకు ఉద్యోగం కోసం మెయిల్ పంపాను. అమ్మకు కూడా చెప్పలేదు. మర్నాడు అన్నం దగ్గర చేప ముల్లు తీసుకుంటూ, తలెత్తకుండానే అన్న, “చెన్నైలో నీకు ఎవురుండారు పాపా? ఆ ఊరు మనకొద్దు” అన్నాడు. వదిన వైపు చూస్తే, ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

రిపేరని చెప్పి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, నెల్లూరు బస్సెక్కి నాకు కంప్యూటర్ నేర్పిన అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె ముందు వైరస్ కోసం వెతికించింది, ఏమీ దొరకలేదు. తర్వాత నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయింది.

“ఇది దానంతటది వచ్చింది కాదు మే. ఎవురో కావాలనే పెట్టినారు. నువ్వు కొట్టే ప్రతి అక్షరం మెయిల్లో పోతా ఉండాది.”

ఎవరికి పోతోందో కూడా చూపించింది. అన్న దుకాణం మెయిల్ అడ్రసు. దాన్ని ఆయనకు తయారుచేసి ఇచ్చింది నేనే.

తీసేయమంటావా అని అక్క అడిగింది. తీసేస్తే అన్నకు వెంటనే తెలిసిపోతుంది, లాప్‌టాప్ పోతుంది, దానితోపాటు పనీ పోతుంది. ఉంచితే ఊపిరి కూడా ఆయనకు చెప్పి పీల్చుకోవాలి. వద్దక్కా అన్నాను.

ఆ తర్వాత ఆయన మెచ్చే మాటలే టైపు చేస్తూ బతికాను. స్నేహితురాలికి రాసే మెయిళ్లలో చాలా బాగున్నాననే రాసేదాన్ని. కొట్టి చెరిపేసినవి కూడా ఆయనకు చేరతాయని తెలిశాక, మనసులో మాటను వేళ్లదాకా రానిచ్చేదాన్ని కాదు. చివరికి ఒక మధ్యాహ్నం ఖాళీ పేజీ తెరిచి, అన్నా, నువ్వు చదువుతున్నావని నాకు తెలుసు, నాకు ఊపిరాడటం లేదు అని మాత్రం కొట్టి, మూత మూసేశాను.

సాయంత్రం పెందలాడే దుకాణం కట్టేసి వచ్చాడు. నా గది గడప దగ్గరే నిలబడిపోయాడు.

“నాయన పోయినప్పట్నుంచి బయం పాపా. నువ్వు గూడా పోతావేమోనని.”

“బయమైతే నన్ను అడగొచ్చు గదన్నా.”

ఆయన లాప్‌టాప్ తీసుకెళ్లి, ఆ ప్రోగ్రామును పెట్టినవాడి చేతే తీయించి తెచ్చాడు. ఉద్యోగానికి రమ్మని చెన్నై నుంచి ఉత్తరం ఇంటికే వచ్చింది. ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గడువు దాటిపోయింది.

అన్న పోయి చాలా కాలమైంది. ఇప్పటి మా ఇంటి పిల్లలు తామెక్కడున్నారో ఫోన్లలో ఒకరికొకరు చూపించుకుంటూ, ఇష్టం లేనప్పుడు ఆపేసుకుంటూ, అదేదో ఆటలాగా తిరుగుతుంటారు. ఆపేసినా ఎవరూ కోపగించుకోరు. చూడబోయే ముందు అడగాలన్న ఆ చిన్న మర్యాద మా అన్న కాలానికి అందలేదు. అందితే ఆయనకూ అంత భయం ఉండేది కాదేమో. ఇప్పుడు నేను రాసేది చాటుగా చదివేవాళ్లు ఎవరూ లేరు. అయినా ప్రతి వాక్యాన్నీ, ఆయన చదివితే ఏమనుకుంటాడో అని ఒకసారి తూచుకున్నాకే రాస్తాను.