మొగిలి ఘాటు, రెండు జీపులు

అది 1979 ఏప్రిల్. చిత్తూరులో పలమనేరు రోడ్డు మీద నాకొక జీపుల షెడ్డు ఉండేది. రేకుల కప్పు, బండి కిందికి దిగి పనిచేయడానికి ఒక గుంత, రెండు జాకీలు, గోడకు వరుసగా స్పానర్లు. ఊళ్లోని మిగతా షెడ్లకూ నా షెడ్డుకూ ఒక్కటే తేడా. నా గుమ్మానికి గుమ్మడికాయ కట్టలేదు. ఆయుధపూజ నాడు స్పానర్లకు బొట్టు పెట్టలేదు. స్పానరుకు కావలసింది నూనెగుడ్డ, కుంకుమ కాదు అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి. చదువుకునే రోజుల్లో గ్రంథాలయం మేడ మీద ఆదివారం చర్చలకు పోయి జ్యోతిష్కులతో, శకునాలు చెప్పేవాళ్లతో వాదించి గెలిచిన అలవాటు అది. ఆ అలవాటు వల్ల నేను పోగొట్టుకున్న ఒక స్నేహితుడి సంగతి ఇది. అతను నడిపిన జీపు సంగతి కూడా.

దొరస్వామినాయుడు మామిడితోటలు గుత్తకు పట్టే పెద్ద రైతు. ఘాటు కింద బంగారుపాళెం దగ్గర కొన్ని తోటలు, మొగిలి ఘాటు ఎక్కాక పలమనేరు వైపు కొన్ని. వాటి మధ్య ఆయన్ను తిప్పేది ఒక పాత పెట్రోల్ జీపు. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసింది. పన్నెండేళ్లుగా దాన్ని నడిపేవాడు చెంగల్రాయుడు. పొద్దున్నే మా షెడ్డు పక్క టీ అంగట్లో నాకంటే ముందు కూర్చుని, నేను తెప్పించుకునే హేతువాద పత్రికను నాకంటే ముందు చదివేసి, అందులోని నా వ్యాసాలకే అడ్డుప్రశ్నలు వేసేవాడు. "దేవుడు లేడంటే లేడనే అనుకుందాం మేస్త్రీ, మరి బ్రేకు పడనప్పుడు నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంది?" అనేవాడు. నేను జవాబు వెతుక్కునేలోగా టీ తాగి వెళ్లిపోయేవాడు.

ఆ ఏడు నాయుడి బావమరిది తన డీజిల్ జీపు ఇస్తానన్నాడు. బండితోపాటు దాని డ్రైవరు కూడా వస్తాడు. రెండు బండ్లు పోషించే ఉద్దేశం నాయుడికి లేదు. కాయ కోతకు రాకముందే ఏది ఉంచాలో తేల్చుకోవాలి. డీజిల్ బండి ఉంటే పెట్రోల్ బండి పోతుంది, దాని వెంట చెంగల్రాయుడూ పోతాడు. అతనికి వేరే ఆధారం లేదు.

నాయుడు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. "మేస్త్రీ, నువ్వు దేవుణ్ణే నమ్మవు, నా బావమరిదిని యాడ నమ్ముతావు! రెండు బండ్లూ ఎక్కి సూడప్పా. ఏది నడిమధ్యలో ఆగకుండా పోతాది, ఏది ఎక్కితే ఒళ్లు హూనం గాకుండా ఉంటాది, రెండు ముక్కల్లో చెప్పు."

నాయుడి గురించి ఒక మాట చెప్పాలి. షెడ్డు గడప తొక్కిన బండి ఇక బాగుపడదని ఆయన నమ్మకం. ఒకసారి క్లచ్చు జారిందని మోటారుసైకిలు అమ్మేశాడు. గేరుపెట్టె గరగరమన్నదని ట్రాక్టరు అమ్మేశాడు. అందుకే పెట్రోల్ జీపు చిన్నాచితకా పనులన్నీ చెంగల్రాయుడే పెరట్లో వేపచెట్టు కింద చేసుకునేవాడు. అప్పటిదాకా ఆ బండి ఒక్కసారి కూడా నా గుంత మీదికి రాలేదు.

ముందు డీజిల్ జీపు ఎక్కాను. సీటు మెత్తన. కమాను పట్టీలు, అంటే చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, పొడుగ్గా ఉన్నాయి. గుంటలో పడితే ఒక ఊపు ఊపి వదిలేస్తాయి. తలుపులున్నాయి గనుక దుమ్ము తక్కువ. అయితే బండి నిలిపి ఉంచినప్పుడు ఇంజను కొట్టుకునే తీరుకు చేతిలోని టీ తొణికిపోతుంది. ముందుభాగం మరీ బరువు. నీవా ఏటి ఇసుకలోకి దించితే ముక్కు దూర్చి కూర్చుంది. పలుగులతో, పారలతో తవ్వి నలుగురం లాగాం.

పెట్రోల్ జీపులో కూర్చోవడమంటే పలక మీద కూర్చోవడమే. రాయి తగిలిన ప్రతిసారీ వెన్నుపూసలో ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది. తలుపులు లేవు, వాన వస్తే తడవాలి, ఎండ వస్తే మాడాలి. కానీ పొద్దున హ్యాండిల్ సగం తిప్పుకే ఇంజను లేస్తుంది. ఫోర్ వీల్ లివరు వేస్తే, అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందితే, అదే ఇసుకను మేకపిల్లలా దాటేసింది. ఒళ్లు సుఖానికి డీజిలు, నమ్మకానికి పెట్రోలు అని మనసులో రాసుకున్నాను. ఇక మిగిలింది ఘాటు.

మిట్టమధ్యాహ్నం పెట్రోల్ జీపులో బయలుదేరాం. చెంగల్రాయుడు నడుపుతున్నాడు, పక్కన నాయుడు, వెనక నేను. ఎక్కుడు సగంలో ఒక మలుపు దగ్గర జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాయుడి ముఖంలో చికాకు లేదు సరికదా, ఏదో చుట్టమింటికి చేరిన తృప్తి ఉంది. రోడ్డు పక్కన పసుపు రాసిన రాయి. గంగమ్మ.

"ఈడ ఆపకుండా పోనీదు మేస్త్రీ. ఎండాకాలమైతే నన్ను దించి దణ్ణం పెట్టించుకుంటేగానీ వదలదు" అన్నాడు నాయుడు, చెప్పులు విప్పుతూ.

చెంగల్రాయుడు బానెట్టు ఎత్తాడు. డబ్బాలోని పసుపునీళ్లలో ఒక గుడ్డ ముంచి ఇంజను పక్కన ఒకచోట చుట్టి కట్టాడు. రాయి దగ్గర కర్పూరం వెలిగించాడు. నాయుడు చేతులు జోడించి నిలబడ్డాడు. కర్పూరం కొండెక్కి, ఒక వక్క నమిలేంతసేపు గడిచాక చెంగల్రాయుడు మీట నొక్కాడు. జీపు లేచింది.

నేను గుడ్డ కట్టిన చోటు చూశాను. అది ఫ్యూయల్ పంపు. ట్యాంకులోని పెట్రోలును లాగి కార్బురేటరుకు పంపేది. పక్కనే పొగగొట్టం మొదలు, ఎర్రగా కాలే ఇనుము. ఎండలో, ఎక్కుడులో, ఆ వేడికి పంపులోని పెట్రోలు ఆవిరవుతుంది. ఆవిరిని పంపు తొయ్యలేదు. ఇంజనుకు పెట్రోలు అందదు. దీన్ని మేము వేపర్ లాక్ అంటాం. పంపును చల్లబరిస్తే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది, బండి లేస్తుంది. తడిగుడ్డ చేసే పని అంతే. పసుపుకూ రాయికీ అందులో వాటా లేదు.

ఇంత స్వచ్ఛమైన రుజువు నా జీవితంలో దొరకలేదు. మేడ మీది చర్చలన్నీ మాటలు. ఇది కళ్లముందు జరిగింది. నా ముఖం చూసి చెంగల్రాయుడికి అర్థమైపోయింది. పలమనేరులో నాయుడు తోటలోకి పోగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మేస్త్రీ, ఈ ఒక్కసారికి నోరు మూసుకో."

"ఎందుకు? అమ్మవారు కళ్లు పొడుస్తుందా?"

"నా డ్రైవరు పీట పోతాది."

"నిజం చెబితే పీట పోతుందని నీకెవరు చెప్పారు? భయం చెంగల్రాయా, ఉత్త భయం. తరతరాల భయం."

అతను నా చెయ్యి వదిలేశాడు. "నీకు చెప్పేదానికన్నా ఆ రాయికి చెప్పేది మేలప్పా" అని ట్యూబులో గాలి చూసుకోవడానికి వెళ్లాడు. పిరికితనం అనుకున్నాను నేను.

మరునాడు అదే వేళకు మళ్లీ పోదామని నాయుణ్ణి ఒప్పించాను. అదే మలుపులో జీపు ఆగింది. నేను ముందే దూకాను. ఉత్త బావినీళ్లతో గుడ్డ తడిపి పంపు మీద వేశాను. పసుపు లేదు, కర్పూరం లేదు. రాయి వైపు వీపు తిప్పి, కావాలనే, చుట్ట ముట్టించుకుని నిలబడ్డాను. చుట్ట సగమయ్యేసరికి మీట నొక్కమన్నాను. జీపు లేచింది.

"చూశారా నాయుడుగారూ? మిమ్మల్ని ఆపేది గంగమ్మ కాదు, వేడి. లేపేది గంగమ్మ కాదు, నీళ్లు."

నాయుడు రాయినీ, ఇంజనునూ మార్చి మార్చి చూశాడు.

"పన్నెండేండ్లుగా నేను దణ్ణం పెట్టింది ఈ పంపుకా?" అన్నాడు చివరికి.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అమ్మోరు ఆపితే ఆగినా మర్యాదే అనుకుంటి మేస్త్రీ. రోగమొచ్చి ఆగే బండి నాకెందుకు? రేపే డీజిలు బండి పంపమని చెప్తాను." తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "నీకు తెలీదా రా ఇది? తెలిసీ నాకు పసుపు పూసినావా?" అన్నాడు.

చెంగల్రాయుడు స్టీరింగు మీద నుంచి చూపు తిప్పలేదు. "తెలీదు సామీ" అన్నాడు.

ఆ సాయంత్రం టీ అంగట్లో ఈ కథ పదిమందికి చెప్పాను. చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున చెంగల్రాయుడు టీకి రాలేదు. మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని షెడ్డుకు వచ్చాడు. గుడియాత్తం దగ్గర భార్య పుట్టింటి ఊరికి పోతున్నానన్నాడు.

"ఉత్తనీళ్లకు లేస్తాదని నాకు తెలీదనుకుంటివా?" అన్నాడు. "మొదటి ఎండాకాలమే తెలిసింది. రెండు దినాలు ఉత్తనీళ్ల గుడ్డే కట్టినాను, లేసింది. ఆగిన ప్రతిసారీ ఆయన అమ్మేస్తానంటా ఉండె. అప్పుడు పసుపు కలిపినాను. పసుపుగుడ్డ కట్టింది ఇంజనుకు గాదు మేస్త్రీ, నాయుడి నోటికి."

చేతిలోని స్పానరు గుంత అంచున పెట్టాను. "ముందే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పినా గదా, నోరు మూసుకోమని!" అని నవ్వాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు సభల్లో మాట్లాడేటోడివి, నీకు గెలుపు కావాల. నాకు బండి కావాల. ఇంతేనప్పా."

బస్సు వేళయింది. వెళ్లిపోయాడు.

అప్పుడు లేచాను, లేవవలసిన దానికి రెండు రోజులు ఆలస్యంగా. నాయుడి ఇంటికి పోయి జీపు అడిగి తెచ్చుకున్నాను. పంపుకూ పొగగొట్టానికీ మధ్య అడ్డుగా ఒక రేకు వంచి బిగించాను. పెట్రోలు గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పి, ఆస్‌బెస్టాస్ తాడు చుట్టాను. ఒక పూట పని. మిట్టమధ్యాహ్నం ఒక్కణ్ణే ఘాటు ఎక్కించాను. రెండుసార్లు ఎక్కించి రెండుసార్లు దించాను. ఎక్కడా ఆగలేదు. సంతోషంగా పోయి నాయుడికి చెప్పాను. "షెడ్డులో పడిన బండి గదా మేస్త్రీ" అన్నాడాయన. వారం తిరక్కుండా అది ఏదో రాళ్లక్వారీకి పోయింది. డీజిల్ జీపు వచ్చింది. మెత్తని సీటు మీద నాయుడు హాయిగానే తిరిగాడు, ఏటి ఇసుక వచ్చినప్పుడు తప్ప.

గుడియాత్తం నుంచి వచ్చే లారీవాళ్లను చాలా ఏళ్లు అడిగాను. ఒకడు అగ్గిపెట్టెల కంపెనీ వ్యానులో చూశానన్నాడు. ఇంకొకడు ఆ పేరువాడే లేడన్నాడు. ఒక ఆదివారం నేనే బస్సెక్కి పోయి అతని అత్తగారి ఊరు వెతికాను. ఇల్లు దొరికింది, తాళం వేసి ఉంది. పక్కింటి ముసలమ్మ అరవంలో ఏదో చెప్పింది, నాకు సగమే తెలిసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎదురుగా వచ్చే ప్రతి జీపు స్టీరింగు వెనక ముఖాన్నీ చూస్తూ వచ్చాను.

అబద్ధాన్ని అలాగే ఉంచవలసిందని ఇప్పటికీ అనను. రాయికి మొక్కితే ఇంజను లేస్తుందనేది అబద్ధమే. రేపు ఎవరైనా నా ముందు అంటే మళ్లీ వాదిస్తాను. కానీ ఆ మలుపులో నేను ఎవరి మూఢత్వాన్ని కొట్టాను? ఉన్నది నాయుడి దగ్గర. దాన్ని పోగొట్టగల బలం నా వాదనకు లేదు; గంగమ్మ పోతే ఆయనకు షెడ్డు శకునం మిగిలింది. దెబ్బ తగిలింది మాత్రం ఆ మూఢత్వం నీడలో పొట్ట పోసుకుంటున్న హేతువాదికి. నాకంటే పన్నెండేళ్లు ముందుగా ప్రయోగం చేసి, ఫలితం తెలుసుకుని, చప్పట్లు అడగనివాడికి. రేకు ముందు బిగించి తర్వాత మాట్లాడి ఉంటే, నిజమూ నిలిచేది, అతనూ నిలిచేవాడు. నేను మేస్త్రీనన్న సంగతి మరిచి వక్తనయ్యాను.

ఆ తర్వాత ఏ బండి షెడ్డుకు వచ్చినా, దాని రోగం యజమానికి చెప్పేముందు డ్రైవరును పక్కకు పిలిచి, "ఇది చెబితే నీకు పోయేదేమైనా ఉందా?" అని అడగడం పనిలో భాగం చేసుకున్నాను. చాలామంది వింతగా చూసేవారు. కొందరు మాత్రం చటుక్కున తల దించుకునేవారు. అప్పుడు ముందు పని చేసి, తర్వాతే నోరు విప్పేవాణ్ణి. ఇరవై ఏళ్లలో వందలమందిని అడిగాను. అడగవలసిన మొదటి మనిషి పలమనేరు తోట దగ్గర నా చెయ్యి పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం అడగలేదు.