రేపల్లె సైటులో టిఫిన్ గంట

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. బాపట్లలో మాది లూథరన్ కుటుంబం. మా ఇంట్లో పరిశుద్ధాత్మ గురించి తప్ప ఇంకే ఆత్మ గురించీ మాట్లాడేవారు కాదు. చిన్నప్పుడు ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, లెక్కల మాస్టారైన మా నాన్న "దాని బరువెంత?" అని అడిగేవారు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. కాబట్టి ఇది చదివి "ఆవిడేదో భ్రమపడింది" అనేయకండి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పి చూసుకున్నాను, కుదరలేదు.

నేను సివిల్ ఇంజనీరుని. ఒక చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజర్ని. పేరు ఘనంగానే ఉంటుంది. సిమెంటు రాకపోతే నన్నే అడుగుతారు, కూలీలు రాకపోతే నన్నే అడుగుతారు. పెద్ద కంపెనీల్లో సేఫ్టీకి వేరే ఆఫీసరుంటాడు. మా దగ్గర అదీ నా నెత్తినే. సైటు మీద ఎవరికి చిన్న దెబ్బ తగిలినా జవాబు చెప్పాల్సింది నేనే. నన్ను వెనకాల 'హెల్మెట్ మేడం' అంటారని తెలుసు. అననివ్వండి, నాకేం?

రెండేళ్ళ కిందట రేపల్లెలో ఒక ఫంక్షన్ హాలు కట్టాం. మొదట్లోనే ఆ సైటులో సైరన్ పెట్టించాను. అది మోగితే చేతిలో ఏ పనున్నా వదిలేసి గేటు బయటికి రావాలని అందరికీ విడమరిచి చెప్పాను. ఒకరోజు పరీక్షకని మోగించాను. ఒక్కరు దిగితే ఒట్టు. పైగా పైనున్న వాళ్ళంతా కిందేం జరుగుతోందో చూద్దామని స్లాబు అంచుకొచ్చి నిలబడ్డారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అదే మరియమ్మగారి గంటయితే ఎంత పనిలో ఉన్నా దిగుతారు. మరియమ్మగారు మా సైటుకి టీ, టిఫిన్ తెచ్చే పెద్దావిడ. ఊరు చేబ్రోలు. ఆవిడ భర్త మేస్త్రీ అనీ, తెనాలిలో పని మీద ఉండగా పోయారనీ మాత్రమే నాకు తెలుసు. గేటు పక్కన ఇనుప స్తంభానికి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసుకున్నారు. టీ రాగానే దాన్ని ఒక లావుపాటి బోల్టుతో టంగు టంగున కొట్టేవారు. ఆ బోల్టు సైటులో వదిలితే ఎవరైనా పాత ఇనప సామానుకి వేసేస్తారని ఎప్పుడూ తన సంచిలోనే పెట్టుకునేవారు.

మా వైపు స్లాబు వేసే రోజుకి ఒక పద్ధతుంది. ముహూర్తానికి నాలుగు తట్టల కాంక్రీటు వేసి, కొబ్బరికాయ కొట్టి, అందరూ కిందికి దిగుతారు. అప్పుడు ఓనరు తరఫున వేడి వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి. తిన్నాక అసలు పని మొదలవుతుంది. ఆ పూట టిఫిన్ గంట మోగిందంటే చాలు, ముసలీ ముతకా కూడా పరుగే.

హాలు స్లాబు పోసే రోజు నేను బాపట్ల నుంచి బస్సులో వస్తున్నాను. ముందురోజు సాయంత్రం రేపల్లెలో గట్టి వాన పడింది. అసలే అక్కడిది నల్లరేగడి, తడిస్తే మెత్తబడి దిగిపోతుంది. స్లాబుని మోసే ఇనుప జాకీలు ఆ నేలమీదే నిలబడి ఉన్నాయి. నేను వచ్చి జాకీలన్నీ చూసేదాకా పైకి ఎవరూ ఎక్కొద్దని రాత్రే మేస్త్రీకి చెప్పి ఉంచాను. సరేనన్నారు కూడా.

బస్సు చెరుకుపల్లిలో ఆగినప్పుడు మేస్త్రీ నాగేశ్వరరావుగారికి ఫోన్ చేశాను. వెనకాల కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఏంటండీ ఇది అంటే, సిద్ధాంతిగారు ముహూర్తం ముందుకి జరిపారనీ, ఓనరుగారు ఊరుకోలేదనీ, అందరూ పైనే ఉన్నారనీ చెప్పారు. మేస్త్రీగారి కొడుకూ కోడలూ కూడా పైనే ఉన్నారు.

ఉన్నపళంగా అందర్నీ దించమన్నాను. ముహూర్తం దాటిపోద్దని ఆయన నసిగారు. నేను గొంతు పెంచాను. బస్సులో అందరూ నా వైపు చూశారు.

"మీరు కంగారుపడకండి మేడం. కిందకెళ్ళి జాకీలు నేనే చూసొస్తానండి" అన్నారాయన.

నేను వద్దనేలోగా ఫోన్లో గంట వినబడింది. పట్టా మీద బోల్టు దెబ్బలు, నేను రోజూ వినేవే. కాకపోతే చివర్లో ఇంకో చప్పుడు. బోల్టుని పట్టా మీద పైనుంచి కిందికి గీకినట్టు, గర్రుమని సాగింది. ఆగి మళ్ళీ గీకారు. మరియమ్మగారు అలా గీకగా నేనెప్పుడూ వినలేదు.

"టిఫినొచ్చినట్టుందండి, దిగుతున్నారు" అని మేస్త్రీగారు ఫోన్ పెట్టేశారు.

నేను సైటుకి చేరేసరికి జనమంతా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మేస్త్రీగారి కోడలు నేల మీద కూలబడి ఉంది. వాళ్ళ వెనక స్లాబు నడిమి భాగం మొత్తం కిందికి దిగిపోయి ఉంది. ఊచలు వంకర్లు తిరిగి, జాకీలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎవరికీ గోరంత గాయం లేదు. అందరూ దిగి, ఇడ్లీ ఏదని గొడవ పడుతుండగా కూలిందట. నేను అక్కడే మోకాళ్ళ మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి మరియమ్మగారు ఆటోలో దిగారు, ఇడ్లీ గిన్నెలతో. రైల్వే గేటు దగ్గర ఆటో టైరు పంక్చరయి అక్కడే చిక్కుకుపోయారట. బోల్టు ఆవిడ సంచిలోనే ఉంది.

మరి గంట కొట్టిందెవరు?

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. పట్టా పక్కనే కుర్చీ వేసుకుని ఓనరుగారు కూర్చున్నారు. ఆయన కూడా గంట విన్నారు. మరియమ్మ వచ్చిందనుకుని తల తిప్పితే ఎవరూ లేరన్నారు. దిగినవాళ్ళందర్నీ విడివిడిగా అడిగాను. విన్నామనే చెప్పారు. గీకిన చప్పుడు సంగతి మాత్రం నేనెవరి దగ్గరా ఎత్తలేదు. నేను ముందు చెబితే వాళ్ళూ అదే చెబుతారని నా భయం.

ఓనరుగారి అల్లుడు ముహూర్తాన్ని ఫోన్లో వీడియో తీశాడు. అడిగి తెప్పించుకుని చూశాను. కొబ్బరికాయ కొట్టిన చప్పుడుంది, మిల్లరు మోతుంది, ఎవరో దగ్గిన చప్పుడు కూడా ఉంది. గంట మాత్రం లేదు. లేని గంటకి స్లాబు మీది వాళ్ళంతా ఒక్కసారే గేటు వైపు తల తిప్పడం, తట్టలు పడేసి నిచ్చెన వైపు నడవడం చక్కగా కనబడుతోంది. ఎన్నిసార్లు చూసినా అంతే.

ఫోను లోపమేమో అనుకున్నాను. అదే ఫోను తెప్పించి, మిల్లరు తిరుగుతుండగా, అల్లుడు నిలబడిన చోటే నిలబడి గంట కొట్టించాను. శుభ్రంగా రికార్డయింది. అసలు ఆ రోజు చెరుకుపల్లి బస్సులో ఉన్న నాకు మేస్త్రీగారి ఫోన్లోంచి వినబడింది కదా! అక్కడే ఉన్న ఫోనుకి వినబడకపోవడమేంటి?

ఆ గీకుడు కూడా వదల్లేదు. సుత్తితో గీకాను, ఊచతో గీకాను, గునపంతో కూడా. అవన్నీ కీచుమన్నాయి. ఆ గర్రు రాలేదు. చివరికి మరియమ్మగారిని బోల్టు అడిగాను. ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చి, టీ గ్లాసులు కడుక్కోవడానికి వెళ్ళారు.

బోల్టుకి మరలుంటాయి కదా. ఆ మరల వైపు పట్టాకి ఆనించి పైనుంచి కిందికి గీకాను. గర్రుమంది. నేను బస్సులో విన్నది అదే.

వెనక గ్లాసులు కిందపడ్డాయి. తిరిగి చూస్తే మరియమ్మగారు తడి చేతులతో నిలబడి స్లాబు వైపు పైకి చూస్తున్నారు. స్లాబు పని ఆపేసి ఉంది, పైన ఎవరూ లేరు.

"ఆ రోజు ఇలా గీకారా అమ్మా?" అన్నారు.

అవునన్నాను. అంతకుముందు ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదని మళ్ళీ మనవి చేస్తున్నాను.

అప్పుడు చెప్పారావిడ. ఆ బోల్టు వాళ్ళాయనదట. ఆయన మేస్త్రీగా ఉన్న చోటల్లా గంట ఆయనే కొట్టేవాడట. మామూలు దెబ్బలు టీకి. గీకితే మాత్రం పని వదిలేసి దిగిపొమ్మని, ఆఖరి మనిషి దిగేదాకా గీకుతూనే ఉండేవాడట. తెనాలిలో చివరిరోజు కూడా అలాగే గీకి అందర్నీ దించేశాడు. తర్వాత జాకీలు ఏమయ్యాయో చూసొస్తానని తనే స్లాబు కిందికి వెళ్ళాడు.

"అందర్నీ దించాడమ్మా. నువ్వెళ్ళకు అని ఆయనకి చెప్పేవాడే లేకపోయాడు" అన్నారు.

నాగేశ్వరరావుగారు ఫోన్లో నాతో అన్న మాట కూడా అదే. కిందకెళ్ళి జాకీలు చూసొస్తానని. ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. తర్వాత ఆయన్ని అడిగాను, మరి ఎందుకు వెళ్ళలేదని. ఏమోనండి, గంట ఆగితే వెళ్దామనుకున్నాను, నా చెవుల్లో అది ఆగనేలేదు, ఈలోగా కూలిపోయింది అన్నారు.

కంపెనీవాళ్ళు పనివాళ్ళు ముందే ఎలా దిగారని అడిగారు. టిఫిన్ కోసమని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను? మా నాన్నకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఆయన బరువెంతని అడగలేదు.

ఇప్పుడు తెనాలిలో పని జరుగుతోంది. సైరన్ డబ్బాలోనే ఉంది. గేటు దగ్గర పట్టా ముక్క వేలాడదీయించాను. గీకితే అందరూ దిగాలి, ఎవరూ కిందికి పోకూడదు, మేస్త్రీ అయినా సరే, మేడం అయినా సరే. అది మా సైటు రూలు. ఆ రోజు గీకిందెవరో నాకు తెలియదు. తెలిసిందని అబద్ధమాడలేను, భ్రమ అనీ అనలేను. ఇక్కడికీ టీ తెచ్చేది మరియమ్మగారే, టీకి కొడతారు గానీ గీకరు. అవసరమొస్తే ఎవరు గీకాలని అడిగితే, బోల్టు తీసి నా చేతిలో పెట్టారు.