శంకరవ్వ మాట్లాడని పూట

నైజాం సర్కారు పోయి ఆంధ్రప్రదేశ్ సర్కారు వచ్చిన కొత్తలో, చొప్పదండి పక్క ఊరి బడిలో శంకరవ్వ ఆయమ్మ. ఆ ఒక్క మాటలో ఎన్ని పనులున్నాయో ఏ సర్కారుకు తెలుసు! పొద్దున్నే గల్లీలన్నీ తిరిగి, ఏడ్చేవాణ్ని చంకనెత్తుకుని, వడ్ల గుమ్మి వెనక దాక్కున్నదాన్ని బుజ్జగించి తెచ్చి శిశుతరగతి నింపాలి. ముక్కులు తుడవాలి, లాగుల బొందులు ముడెయ్యాలి. పంతులమ్మ నల్లబల్ల వైపు తిరిగిందంటే వెనక కొట్టుకునేవాళ్ల నడుమ తాను కూర్చోవాలి. బలపం నిలవని చేతిని పట్టుకుని దిద్దించాలి. చదువు చెప్పేది సరళాదేవి పంతులమ్మే, ఎవరు కాదన్నారు? కానీ కడుపునొప్పి వచ్చిన పిల్ల పరుగెత్తేది శంకరవ్వ ఒళ్లోకే.

ఆ ఏడు ఆమె ప్రాణమంతా లింగవ్వ మీదే ఉండేది. మగ్గం నేసే బుచ్చిరాములు బిడ్డ. వాళ్లింట్లో అన్నదమ్ముల మగ్గాలు వరసగా తెల్లారింది మొదలు ఆడుతూనే ఉండేవి. ఆ చప్పుడులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని ఆ ఇంట్లో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు కావాలని, వేలు గుండ్రంగా తిప్పితే నూలు కండె అయిపోయిందని అర్థం. లింగవ్వ ఆ సైగలతోనే బడికొచ్చింది. పొద్దుగూకి మగ్గాలు ఆగాక తల్లితో ఒకటీ అరా మాట్లాడుతుందట గానీ, బడిలో అదీ లేదు.

శంకరవ్వా మగ్గం పక్కన పెరిగిన మనిషే. ఇంకేం! పిల్ల వేలు పెదవికి చేరకముందే చెంబు అందించేది. హాజరు పిలిస్తే, "వచ్చింది పంతులమ్మా, గిదో నా పక్కనే ఉన్నది" అని తానే పలికేది. "దాని బలపం అరిగింది", "దానికి జర సలి పెడుతున్నది" అంటూ రోజంతా ఒకటే వకాల్తా. లింగవ్వ ఆమె కొంగు పట్టుకుని హాయిగా ఉండేది. ఎందుకుండదు? ఇంతగా మాట్లాడి పెట్టే మనిషి దొరికాక తనకిక నోటితో పనేముంది!

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతుండగా బుచ్చిరాములు వచ్చి బడి గడపలో నిలబడ్డాడు.

"నా బిడ్డను మూగది అంటున్నరు పంతులమ్మా, వాడకట్టంత. మాట రాని పిల్లకు సదువెందుకు? రేపటి సంది పంప. ఇంట్ల కండెలు సుట్టుకుంట ఉంటది." కఠినంగా అన్నాడా అంటే అదీ లేదు. అన్నంతసేపూ బిడ్డ వైపు చూడలేకపోయాడు.

"రేపొక్కపూట ఆగు" అంది సరళాదేవి. "నువ్వే వచ్చి గిక్కడ కూసో. పిల్ల నోటంట మాటొస్తే ఒకటో తరగతిల కూసోబెడుత. రాకపోతే నీ ఇష్టం."

ఆయన వెళ్లాక ఆమె శంకరవ్వ వైపు తిరిగింది. "రేపు నువ్వు మాట్లాడొద్దు. సైగ చేస్తే కదలొద్దు."

"అదేంది పంతులమ్మా! దాహమైతే నీళ్లు గూడ ఇయ్యొద్దా?"

"నోటితోని అడిగితే ఇయ్యి. అది మాట్లాడేదంత నువ్వే మాట్లాడబడితివి. ఇగ దానికేం మిగిలింది చెప్పు?"

శంకరవ్వకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న బడికొచ్చిన పంతులమ్మ తనకు నేర్పుతుందా! ఇంటికి పోతూ సగం దారి పంతులమ్మను తిట్టుకుంది. మిగతా సగం తనను తానే తిట్టుకుంది.

మర్నాడు బుచ్చిరాములు గోడకానుకుని కూర్చున్నాడు. హాజరులో "లింగవ్వా" అని పిలుపు వినపడగానే పిల్లలందరూ అలవాటుగా ఆయమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. లింగవ్వ పలకలేదు. సరళాదేవి తర్వాతి పేరు పిలిచింది.

ఎండ ముదిరింది. లింగవ్వ బొటనవేలు పెదవికి పోయింది. శంకరవ్వ గోడ వైపు చూసింది. ఆయమ్మ చూడలేదేమో అనుకుని పిల్ల అటు తిరిగొచ్చి ఎదురుగా నిలబడి మళ్లీ వేలు పెట్టింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయ్యో నా తల్లీ! పక్కనే కుండ, కుండ మీద చెంబు. ఇప్పుడు చెయ్యి చాపితే ఆ చేత్తోనే ఈ పిల్లను కండెల ముందు కూర్చోబెట్టినట్టు. చాపకపోతే చూస్తూ ఎలా ఉండడం? శంకరవ్వ కదలలేదు. కళ్లల్లోంచి మాత్రం నీళ్లు బొటబొటా కారిపోయాయి.

బుచ్చిరాములు చూడలేక లేచాడు. "ఇగ సాలు పంతులమ్మా, పిల్లను గోస పెట్టకుండ్రి."

లింగవ్వ వేలు కిందికి దిగింది. ఆయమ్మ ముఖంలోకి కాసేపు తేరిపార చూసింది. ఆయమ్మ ఏడుస్తుంటే ఆమె తరఫున పలికేవాళ్లే లేరు. అటూ ఇటూ చూసింది, ఒక్కరూ కదల్లేదు. తానే పోయి పంతులమ్మ చీర పట్టి గుంజింది.

"పంతులమ్మా." గొంతు గరగరమంది. "ఆయమ్మ ఏడుస్తున్నది. ఆమెకు జర నీళ్లియ్యి."

లేచిన బుచ్చిరాములు అక్కడికక్కడే కూలబడ్డాడు. సరళాదేవి చెంబు ముంచి తెచ్చి ఇచ్చింది. శంకరవ్వ ఎక్కిళ్లు పెడుతూనే గటగటా తాగేసింది. తాగక చస్తుందా, పిల్ల నోరు తెరిచి చెప్పాక!