వేలు పట్టేంత సందు

మొన్న బంగారుపాళ్యం దగ్గర రంపం మిల్లు దాటుతుంటే పచ్చి మామిడి చెక్క వాసన కొట్టింది. నాయనతో కోళ్ళగూడు కొనడానికి పోయిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్ళు.

వడ్రంగి రెండు గూళ్ళు చూపించినాడు. ఒకదానికి అన్ని పక్కలా చెక్కలే. ఇంకోదానికి చుట్టూ ఇనుప జాలి.

"చెక్కదే మేలు అమ్మణ్ణీ. జాలి వదులుగా ఉండాది," అన్నాడు నాయన.

"వద్దు నాయనా, చీకట్లో కోళ్ళు భయపడతాయి," అని ఏడుపు మొదలుపెట్టినాను. చీకటంటే భయం నాకు. కోళ్ళకూ అంతే అనుకున్నాను. నాయన జాలి గూడే కొన్నాడు.

వారం తిరక్కముందే, ఒక పొద్దున చూస్తే జాలి చీలి ఉండింది. నా ఎర్రపెట్టను అడవిపిల్లి ఎత్తుకుపోయింది. నాయన తిడతాడని తలుపు చాటున నిలబడినాను. ఆయనేమో మామిడి చెక్కలు తెచ్చి జాలి మీద చుట్టూ కొట్టినాడు. కప్పు కింద మాత్రం వేలు పట్టేంత సందు మిగిలిపోయింది. ఆ సందులోంచి పొద్దుటి ఎండ సన్నగా కోళ్ళ మీద పడేది.

నాయనకు కొలత తప్పిందేమో అనుకున్నాను. తప్పలేదనీ, నా కోసమే ఆ సందు వదిలినాడనీ నాకు బిడ్డ పుట్టినాక గానీ తెలియలేదు.