నాయనమ్మ తన మీద వేసుకున్న తప్పు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండిన ఏడు, కెనడాలోని ఏజాక్స్‌లో మే నెల సగం గడిచినా చలి వదల్లేదు. నాన్నకు ఉద్యోగం నాలుగు గంటల దూరంలోని కనాటా అనే ఊళ్లో దొరకడంతో అక్కడే గది తీసుకుని ఉండేవారు. అమ్మ ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేది. ఎవరైనా రాకపోతే ఆ షిఫ్టు కూడా తనే చేసి, పొద్దున్నే ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడేది. ఇల్లు, నేను, వంట అన్నీ నాయనమ్మ చేతిలో ఉండేవి.

నాయనమ్మ ఊరి నుంచి వస్తూ తన పెరట్లోని గోంగూర విత్తనాలు తెచ్చుకుంది. వాటన్నిటినీ ఖాళీ పెరుగు డబ్బాల్లో వేసి, బేస్‌మెంట్ కిటికీ దగ్గర పెట్టించింది. మొక్కలు జానెడు ఎదిగాయి. నేలలో నాటేముందు వాటికి బయటి గాలి అలవాటు కావాలి. అందుకని రోజూ బడికి వెళ్లేముందు డబ్బాలు పెరట్లో పెట్టి, సాయంత్రం మళ్లీ కిందికి చేర్చడం నా పని. నాయనమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లు దిగలేకపోయేది. అమ్మ మాత్రం ఎంత అలిసిపోయి వచ్చినా పెరట్లోకి వెళ్లి, వంగి ఆ ఆకుల్ని చూసేది. ఆ రోజుల్లో ఆవిడ ముఖంలో నవ్వు కనిపించేది అప్పుడొక్కసారే.

ఒక గురువారం సాయంత్రం సన్నగా వాన పడుతోంది. బడి నుంచి తడిసి వచ్చాను. పద్నాలుగు డబ్బాలు, నాలుగైదు సార్లు ఎక్కి దిగాలి. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకుని టీవీ ముందు కూర్చున్నాను. డబ్బాలు లోపల పెట్టావా అని నాయనమ్మ వంటింట్లోంచి అడిగితే, తల తిప్పకుండానే “యెస్” అన్నాను.

తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. డబ్బాల్లో ఆకులు నల్లబడి, ఉడికించిన ఆకుకూరలా వేలాడుతున్నాయి. నాయనమ్మ కిటికీలోంచి వాటిని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆవిడ నోరు తెరిచేలోపే అమ్మ కారు వచ్చి ఆగింది.

అమ్మ పెరట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడింది. లోపలికి వచ్చి, వీటిని బయట ఎవరు వదిలేశారని అడిగింది.

“నేనే ఉంచమన్నానమ్మా. చలి తగ్గిందనుకున్నా” అంది నాయనమ్మ.

అమ్మ ఎప్పుడూ అత్తగారికి ఎదురు మాట్లాడి ఎరగదు. ఆ రోజు మాత్రం, “ఇక్కడి చలి మీకు తెలీదు అత్తయ్యా. తెలీనప్పుడు అడగాలి కదా. ఇంట్లో ఇంకో చిన్నపిల్లని చూసుకునే ఓపిక నాకు లేదు” అంది.

నాయనమ్మ తల వంచుకుని పొరపాటైందని ఒప్పుకుంది. నేను బ్యాగు తగిలించుకుని బడికి వెళ్లిపోయాను. బస్సులో కూర్చున్నాక మొదట నాకు కలిగింది సిగ్గు కాదు, బతికిపోయానన్న ఊరట. ఇది చెప్పుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఆ రోజంతా అత్తాకోడళ్ల మధ్య మాటల్లేవు. నాయనమ్మ అన్నం వడ్డిస్తే అమ్మ పళ్లెంలోకే చూస్తూ తిని లేచిపోయింది. మర్నాడు అమ్మ పనికి వెళ్లాక, నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని పెరటి మెట్లు ఒక్కొక్కటే దిగింది. బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుంది. నేను పారతో మట్టి తిరగేస్తుంటే, ఆవిడ అందులోంచి రాళ్లు ఏరింది. మట్టి ముద్దలు ముద్దలుగా, వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. ఎప్పుడు తిడుతుందా అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. చివరికి నేనే ఉండబట్టలేక, ఎందుకలా చెప్పావని అడిగాను.

“నిన్న మీ అమ్మ ఒంట్లో ఓపిక లేదే. నిన్ను కొట్టేసేది. కొట్టినందుకు మళ్లీ అదే కూర్చుని ఏడ్చేది. నన్నంటే ఏముంది, పెద్దదాన్ని” అంది. ఇంకో రాయి ఏరి పక్కన పడేసి, “అది కాస్త నిద్రపోనీ. అప్పుడు నువ్వే చెప్పు. నేను చెప్పను” అంది.

ఆదివారం అమ్మకు సెలవు. మధ్యాహ్నం దాకా నిద్రపోయి లేచి, కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టేదాకా ఆగి, జరిగింది చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్లింది. నాయనమ్మ ఆ రోజూ బకెట్ మీద కూర్చుని రాళ్లు ఏరుతోంది. అమ్మ ఆవిడ పక్కనే తడి నేల మీద చతికిలబడి తనూ ఏరడం మొదలుపెట్టింది. చాలాసేపటికి నాయనమ్మ, “నడుం పట్టేస్తుంది, లోపలికి పో అమ్మా” అంది. అమ్మ లేవలేదు. ముఖం భుజానికి తుడుచుకుని, అలాగే రాళ్లు ఏరుతూ కూర్చుంది.

ఆ ఏడు మా మళ్లలో కొన్న టమాటా నారే నాటాం. గోంగూర లేదు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటోంది. ఈ ఏడు కూడా చలి పోలేదు. మొన్న నేను నడుం నొప్పితో ఆగి ఆగి మట్టి తిరగేస్తుంటే, తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మ, “ఆ రోజు అత్తయ్యను అంత మాట అనకుండా ఉండాల్సింది” అంది. తప్పు నాది కదమ్మా అన్నాను. “మాట నాది” అంది.

మా ఇంట్లో ఎవరైనా అలిసిపోయి వస్తే, నేను చేసిన పొరపాటు ఏదైనా చెప్పాల్సి ఉంటే, వాళ్లు తిని కాస్త కుదుటపడేదాకా ఆగుతాను. కానీ మర్నాటిదాకా మాత్రం ఆగను. నేను నోరు మూసుకున్న ఆ రెండు రోజులూ, మా నాయనమ్మ తల వంచుకుని ఆ ఇంట్లో తిరిగింది.